ఇషికరి నదికి వెళ్తే ఏ మజిలీలో దిగాలి?

టోక్యో, క్యోటో చూసేసి రెండోసారి జపాన్ వెళ్లేవాళ్లు ఉత్తరాన ఉన్న హొక్కైడో వైపు చూడటం ఈమధ్య మామూలైంది. టోక్యోలో ఉద్యోగం చేసే తెలుగువాళ్లయితే నాలుగు రోజులు సెలవు దొరికితే చాలు, సప్పోరోకి టికెట్ తీసేస్తారు. అలా వెళ్లినవాళ్లు ఇషికరి నదిని ఎక్కడో ఒకచోట దాటుతారు గానీ, ఆగి చూసేవాళ్లు తక్కువ. ఆగాలనుకున్నవాళ్లకి వచ్చే టెన్షన్ కూడా ఒకటే: చేతిలో ఉన్నవి రెండు రోజులు, నది చూస్తే 268 కిలోమీటర్లు. ఎక్కడ ఆగాలి?

నేను ఈ నదిని నాలుగు చోట్ల, వేర్వేరు కాలాల్లో చూశాను. ముందే ఒక మాట చెప్పేస్తాను. ఫొటోల్లో అందరూ చూపించేది ఎగువన ఉన్న సోఉన్‌క్యో లోయ. ఒక్కచోటికే వెళ్లగలిగితే మాత్రం నేను దానికి దిగువన, నది ఇరుకై పారే కముయికొతాన్‌కి వెళ్లమంటాను. ఎందుకో కింద చెప్తాను. మీ అవసరం వేరైతే ఏ చోటు మేలో కూడా చెప్తాను.

ముందు నది గురించి కాస్త

హొక్కైడో నడిమధ్యన దైసెత్సుజాన్ నేషనల్ పార్కులో 1,967 మీటర్ల ఇషికరి శిఖరం ఉంది. నది అక్కడ పుట్టి, కొండల్లోంచి బయటపడి, పెద్ద మైదానం మీదుగా జపాన్ సముద్రంలో కలుస్తుంది. పొడవులో జపాన్‌లో మూడోది. పరీవాహక ప్రాంతం 14,330 చదరపు కిలోమీటర్లు, ఆ లెక్కలో రెండోది. 1,465 కిలోమీటర్ల గోదావరి గట్టున పెరిగినవాళ్లకి ఇది చిన్న ఏరే. కానీ హొక్కైడోలోని రెండు పెద్ద ఊళ్లు, సప్పోరో, అసహికావా, ఈ నదీ దాని ఉపనదులూ తెచ్చిన మట్టి మీదే నిలబడ్డాయి. ఆ దీవిలో పండే బియ్యంలో పెద్ద వాటా కూడా ఈ నీళ్లదే.

పేరు ఐనులది. జపనీయులు వచ్చి స్థిరపడకముందు నుంచీ ఈ నేల మీద ఉన్నవాళ్లు వాళ్లే. ‘ఇషికరి’ అంటే బాగా మెలికలు తిరిగే నది అని ఎక్కువగా చెప్తారు, వేరే అర్థాలు చెప్పేవాళ్లూ ఉన్నారు. దారిలో చుబెత్సు, ఎబెత్సు అంటూ ‘బెత్సు’తో ముగిసే పేర్లు బోలెడు వినపడతాయి. అది ఐను భాషలో నది అని అర్థమిచ్చే ‘పెత్’ అనే మాట. మ్యాపు చూస్తూ ఆ పేర్లు లెక్కపెట్టుకుంటూ పోతే ఈ నేల ఎవరిదో తెలిసిపోతుంది.

ఈ నదిలో నేను ఎక్కడికి వెళ్లినా రెండు విషయాలు వెతుకుతాను. సముద్రం నుంచి గుడ్లు పెట్టడానికి ఎదురీదుకుంటూ వచ్చే సాల్మన్ చేప అక్కడిదాకా రాగలుగుతోందా? నది ఒకప్పటి వంపు అక్కడ మిగిలి ఉందా? ఇరవయ్యో శతాబ్దంలో ఈ నది వంపులు తెంచి నేరుగా తవ్వేశారు. అలా సుమారు 100 కిలోమీటర్ల పొడవు తగ్గిపోయింది. చేప, వంపు అనే ఈ రెండూ పట్టుకుంటే మిగతా చరిత్ర దానంతట అదే బయటికొస్తుంది.

ఎంచుకునే ముందు చూసుకోవాల్సినవి

అన్నిటికన్నా ముందు కాలం. ఇక్కడ ఒక్కో మజిలీకి ఒక్కో సీజన్. సెప్టెంబర్ మూడో వారంలో ఎగువన ఆకులు ఎర్రబడతాయి, అప్పటికి దిగువన ఇంకా పచ్చగానే ఉంటుంది. జనవరిలో సముద్రం ఒడ్డుకి వెళ్తే గాలి తప్ప ఏమీ దొరకదు.

రెండోది కారు. మన దేశంలో ఇచ్చే ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ జపాన్‌లో చెల్లుతుంది, పైగా అక్కడా ఎడమవైపే నడపాలి. మంచు లేని నెలల్లో డ్రైవింగ్ తేలిక. మంచు పడ్డాక మాత్రం, ఆ అలవాటు లేనివాళ్లు స్టీరింగ్ పట్టుకోకపోవడమే మంచిది.

మూడోది వెంట ఎవరున్నారు అన్నది. మోకాళ్ల నొప్పులున్న అమ్మానాన్నల్ని తీసుకెళ్తుంటే జాబితా మారిపోతుంది. చివరగా, మీకు కావాల్సింది ప్రకృతా, ఐనుల చరిత్రా, నీటిపారుదలా, తిండా? వీటిలో ఒకదాన్ని ముందు పెట్టుకోండి. నాలుగూ కావాలంటే వారం రోజులు కావాలి.

| | సోఉన్‌క్యో (ఎగువ) | అసహికావా – కముయికొతాన్ | మధ్య మైదానం | ఎబెత్సు – నది మొగ |
|---|---|---|---|---|
| సప్పోరో నుంచి | కారులో సుమారు 3 గంటలు | ఎక్స్‌ప్రెస్ రైలులో గంటన్నర లోపు, తర్వాత కారు లేదా బస్సు | కారులో గంట, గంటన్నర | ఎబెత్సుకి రైలు అరగంట లోపు, మొగకి బస్సు సుమారు గంట |
| కారు లేకపోతే | కుదురుతుంది | కుదురుతుంది, టైం చూసుకోవాలి | చాలా కష్టం | తేలిక |
| మంచి కాలం | సెప్టెంబర్ చివర, ఫిబ్రవరి | మే నుంచి అక్టోబర్ | ఏప్రిల్ చివర, అక్టోబర్ మొదట్లో | జూన్, జూలై. సెప్టెంబర్, అక్టోబర్ |
| పెద్దవాళ్లకి | బాగుంటుంది | పర్వాలేదు | కారులోనే తిరగాలి | బాగుంటుంది |
| ప్రధానంగా దొరికేది | కొండ, జలపాతం, వేడినీళ్లు | ఐను చరిత్ర, నది అసలు రూపం | వరి, వరద, జైలు చరిత్ర, పక్షులు | సాల్మన్, పాత రేవు |

సోఉన్‌క్యో: కళ్లకి పండగ

సుమారు 30 వేల ఏళ్ల కిందట దైసెత్సుజాన్ అగ్నిపర్వతం బద్దలై కక్కిన బూడిద, రాయి వేడికి కరిగి అతుక్కుని గట్టిపడ్డాయి. చల్లారేటప్పుడు నిలువునా పగిలి స్తంభాల్లా నిలబడ్డాయి. వాటి మధ్యలోంచి ఇషికరి కోసుకుంటూ పోయింది. 24 కిలోమీటర్ల పొడవునా రెండు పక్కలా రాతి గోడలే. గింగా అనే జలపాతం 120 మీటర్లది, దాని పక్కనే ర్యూసెయ్ 90 మీటర్లది. రెండూ రోడ్డు పక్కనే కనిపిస్తాయి, పెద్దవాళ్లు కూడా కారు దిగి పది అడుగులు వేస్తే చాలు. ఇక్కడి నుంచి 1,984 మీటర్ల కురోదాకే కొండ మీదికి రోప్‌వే ఉంది. జపాన్‌లో ఆకులు అందరికంటే ముందు రంగు మారే చోట్లలో ఇదొకటి. ‘సోఉన్’ అన్న పేరు కూడా జలపాతాలున్న ఏరు అనే ఐను మాట నుంచే వచ్చింది. దానికి జపనీస్ అక్షరాలు పెట్టింది 1921లో వచ్చిన రచయిత ఓమాచి కెయ్‌గెత్సు.

చలికాలంలో నది గట్టున నీళ్లు చల్లి, గడ్డకట్టించి, మంచు గుహలు కట్టి రంగు దీపాలు పెడతారు. జనవరి చివర మొదలై మార్చిదాకా ఉంటుంది. పిల్లలున్న కుటుంబాలకి ఇంతకన్నా మంచి చోటు ఈ నది మీద లేదు. రాత్రి మంచులో తిరిగొచ్చి వేడినీటి తొట్టిలో కూర్చోవడం ఒక్కసారైనా చేసి తీరాల్సిన పని.

మరి ఎందుకు మొదటి స్థానం ఇవ్వలేదు? ఇక్కడ ఇషికరి ఇంకా చిన్న కొండవాగు. పైన 1975లో పూర్తయిన దైసెత్సు డ్యామ్ ఉంది, నీళ్లు అది వదిలినట్టే వస్తాయి. మీరు చూసేది లోయని, నదిని కాదు. ఇంకో మాట: 1987లో ఇక్కడ బండలు విరిగిపడి ప్రాణాలు పోయాయి. మూసేసిన కాలిబాట దగ్గర గొలుసు కట్టి ఉంటే దాటకండి.

అసహికావా, కముయికొతాన్: నేను ఎంచుకునేది

అసహికావా దగ్గర చుబెత్సు, బియెయ్, ఉషుబెత్సు నదులు ఇషికరిలో కలుస్తాయి. 1902 జనవరి 25న ఇక్కడ మైనస్ 41.0 డిగ్రీలు నమోదైంది, జపాన్‌లో అదే రికార్డు. ఊరి మధ్యలో 1932 నాటి ఇనుప కమాను వంతెన, అసహిబాషి, ఉంది. సాయంత్రం పూట దాని మీద నడిస్తే కింద నది వెడల్పు తెలుస్తుంది.

ఊళ్లోనే చికబుమి అనే పేటలో కవామురా కనెతో ఐను మ్యూజియం ఉంది. 1916లో మొదలైంది. ఐనులే నడుపుకుంటున్న చిన్న చోటు. కవామురా కనెతో రైల్వే సర్వేయరు, ఎవరూ వెళ్లలేని కొండల్లో లైన్లకి కొలతలు తీసినవాడు. తన జాతి నేలని మింగిన రైల్వే కోసమే పనిచేసి, ఆ సంపాదనతో తన జాతి వస్తువుల్ని కాపాడుకున్నాడు. ఇదే పేటలో చిరి యుకియె అనే అమ్మాయి పెరిగింది. తన పెద్దల నోట విన్న ఐను దేవతల పాటల్ని అక్షరాల్లో పెట్టి జపనీస్‌లోకి మార్చింది. 1922లో 19 ఏళ్లకే చనిపోయింది, పుస్తకం మరుసటి ఏడు అచ్చయింది. నోటి పాట పుస్తకంలోకి రావడం ఎంత పెద్ద విషయమో మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. జపాన్ ప్రభుత్వం ఐనులని ఆదివాసులుగా చట్టంలో గుర్తించింది 2019లో.

ఇక కముయికొతాన్. అసహికావా నుంచి పడమటగా సుమారు 20 కిలోమీటర్లు. ‘కముయ్’ అంటే దేవుడు, ‘కొతాన్’ అంటే ఊరు. కొండల మధ్యనున్న పళ్లెంలాంటి నేలంతటి నీళ్లూ ఈ ఒక్క ఇరుకు సందులోంచే బయటపడాలి. మైదానంలో వందల అడుగుల వెడల్పున నింపాదిగా పారే నది ఇక్కడ పక్కకి ఒరిగినట్టు ఇరుకై, లోతై, ఆకుపచ్చగా మారిపోతుంది. పడవల కాలంలో ఐనులకి ఇది ప్రాణాపాయం ఉన్న చోటు. చెక్కిన కర్ర కుచ్చులు, ‘ఇనౌ’ అంటారు, పెట్టి మొక్కుకునే ముందుకి పోయేవాళ్లు.

తెల్లటి వేలాడే వంతెన మీద నిలబడి కిందికి చూడండి. గట్టున ఉన్న పచ్చటి, నల్లటి రాతి మీద గుండ్రటి గుంటలు కనిపిస్తాయి. అచ్చం పొత్రం తీసేసిన రుబ్బురోళ్లలా ఉంటాయి. సుడిలో ఇరుక్కున్న గులకరాళ్లు వేల ఏళ్లు తిరిగి తిరిగి తవ్విన గుంటలవి. నేను వెళ్లిన రోజు నీళ్లు తగ్గి ఉన్నాయి. ఒక గుంటలో ఇంకా మూడు రాళ్లు ఉండిపోయాయి, గుడ్డంత నునుపుగా. ఐనుల కథ వేరు: నిత్నెకముయ్ అనే రాక్షసుడు పెద్ద బండతో నదికి అడ్డుకట్ట వేసి ఎగువనున్న మనుషుల్ని ముంచేద్దామనుకున్నాడు. ఎలుగుబంటి రూపంలో ఉన్న కొండదేవుడు ఆ బండని తోసేశాడు. సమయ్‌కుర్ అనే వీరుడు తరుముకొస్తే పారిపోతూ రాక్షసుడు కాళ్లు దిగబడిపోయాడు. ఆ కాళ్ల గుర్తులే ఈ గుంటలు. రాక్షసుడి తెగిన తల అనే రాయి, మొండెం అనే రాయి కూడా చూపిస్తారు.

రైలులో సప్పోరో నుంచి అసహికావాకి వెళ్లేవాళ్లకి ఇది కనపడదు. 1969లో లైనుని సొరంగాల్లోకి మార్చేశారు. పాత స్టేషన్, ప్లాట్‌ఫాం అలాగే ఉన్నాయి, పక్కన మూడు ఆవిరి ఇంజన్లు నిలబెట్టారు. మొదటిసారి నేను తిరుగు బస్సు టైం చూసుకోకుండా వెళ్లాను, ఆ ప్లాట్‌ఫాం మీద రెండు గంటలు కూర్చోవాల్సొచ్చింది. ఆ రెండు గంటలు నది చప్పుడు తప్ప ఏమీ లేదు. మీరు మాత్రం టైం రాసుకునే వెళ్లండి.

చేప సంగతి కూడా ఇక్కడే తేలుతుంది. ఐనులు సాల్మన్‌ని ‘కముయ్ చెప్’ అంటారు, దేవుడి చేప. 1964లో దిగువన ఫుకగావా దగ్గర సాగునీటికి ఆనకట్ట కట్టారు, దాంతో సాల్మన్ పైకి రాలేకపోయింది. 2000లో ఆ ఆనకట్ట పక్కన చేపలు ఎక్కడానికి మెట్ల కాలువ కట్టారు. పిల్ల చేపల్ని వదిలారు. ఇప్పుడు అసహికావాలో చుబెత్సు నది గులకరాళ్ల మధ్య మళ్లీ గుడ్లు పెడుతోంది. నదికి జరిగిన నష్టం, దాన్ని సరిదిద్దే ప్రయత్నం, అంతకుముందు నుంచీ ఉన్న కథ, మూడూ ఒకే రోజు ఒకే చోట చూడొచ్చు కాబట్టే నా ఓటు దీనికి.

మధ్య మైదానం: వ్యవసాయం, ఇంజనీరింగ్ మీద మనసున్నవాళ్లకి

మామూలు టూరిస్టుకి నేను ఇది చెప్పను. చూడ్డానికి వరి చేలు, గట్లు, దూరంగా కొండలు, అంతే. కాలువల కింద సేద్యం చేసిన కుటుంబాల నుంచి వచ్చినవాళ్లు, సివిల్ ఇంజనీర్లు అయితే ఇక్కడ ఒక రోజు పెట్టండి.

ఈ నేల ఒకప్పుడు పీట్. చలికి గడ్డీ నాచూ పూర్తిగా కుళ్లక పొరలుగా పేరుకున్న నేల అది, కాలు పెడితే దిగబడిపోతుంది. 1898 సెప్టెంబర్ వరదలో వందమందికి పైగా చనిపోయారు, వచ్చి స్థిరపడిన రైతుల ఊళ్లు మునిగిపోయాయి. ఒకజకి బుంకిచి అనే ఇంజనీరు ఏళ్ల తరబడి నదిని కొలిచి 1909లో పథకం ఇచ్చారు. ఆయన ఆలోచన వంపుల్ని అలాగే ఉంచి, వరద నీటికి విడిగా కాలువ తవ్వడం. గట్లు కోసుకుపోకుండా కాంక్రీటు దిమ్మెల్ని చాపలా అల్లి పరిచే పద్ధతి కూడా ఆయనదే. తర్వాత ప్రభుత్వం మనసు మార్చుకుంది. 1918లో ఒయఫురు దగ్గర మొదలైన మొదటి పెద్ద కోత 1931లో పూర్తయింది, ఆ తర్వాత ఒక్కొక్క వంపూ తెగింది. నేరుగా తవ్వితే వరద తొందరగా పోతుంది, నేలలో నీటిమట్టం దిగి పీట్ నేల సాగుకి వస్తుంది. చేలకి నీళ్లివ్వడానికి 1929లో సుమారు 80 కిలోమీటర్ల హొక్కయ్ కాలువ పూర్తయింది. ఆ నిర్ణయాల వల్లే ఈరోజు ‘యుమెపిరికా’, ‘ననత్సుబోషి’ బియ్యం పండుతున్నాయి. ‘పిరికా’ కూడా ఐను మాటే, అందమైనది అని. నదికి ఆ కోతలు మంచే చేశాయా అంటే నేను ఒక్క మాటలో చెప్పలేను. వరద తగ్గింది, అన్నం వచ్చింది. తెగిన పాయలు మాత్రం గట్టుకి అవతల చెరువుల్లా మిగిలి, తల్లి నది నుంచి విడిపోయి ఉన్నాయి. ఉరౌసు చుట్టుపక్కల వరసగా కనిపిస్తాయి.

త్సుకిగతాలో 1881లో కట్టిన కబాతో జైలు మ్యూజియంగా ఉంది. ఖైదీల చేత అడవులు నరికించి రోడ్లు వేయించారు, వెయ్యిమందికి పైగా అక్కడే చనిపోయారు. హొక్కైడో రోడ్ల మీద తిరిగేవాళ్లు ఒకసారి చూడాల్సిన చోటు. బిబాయ్ దగ్గర మియజిమనుమా చెరువు 2002 నుంచి రామ్‌సర్ జాబితాలో, అంటే కాపాడాల్సిన చిత్తడి నేలల అంతర్జాతీయ జాబితాలో ఉంది. వసంతంలో, శరత్తులో వలస బాతులు వేలకొద్దీ దిగుతాయి, తెల్లవారుజామున ఒక్కసారిగా లేస్తాయి. దాని కోసం చీకట్లోనే వెళ్లాలి.

నది కుడిగట్టున త్సుకిగతా, ఉరౌసు మీదుగా వెళ్లే రైలు 2020 ఏప్రిల్‌లో ఆగిపోయింది. పాత గైడ్‌బుక్కులు చూసి ప్లాన్ వేసుకోకండి. కారు లేకపోతే ఈ మజిలీ వదిలేయండి.

ఎబెత్సు నుంచి మొగ దాకా: సప్పోరోలో ఉన్నవాళ్లకి సగం రోజు

సప్పోరో హోటల్ ఖాళీ చెయ్యకుండా నదిని చూడాలంటే ఇదే దారి. మొగ దగ్గర పాత ఇషికరి ఊరు ఒకప్పుడు సాల్మన్ మీద బతికింది. 1877లో ఇక్కడ ప్రభుత్వం సాల్మన్‌ని డబ్బాల్లో పెట్టే ఫ్యాక్టరీ తెరిచింది. జపాన్‌లో అక్టోబర్ 10ని డబ్బా ఆహారం రోజుగా జరుపుకునేది దాని గుర్తుగానే. అంతకన్నా చాలా పాత సంగతి అక్కడి చిన్న మ్యూజియంలో ఉంది: సుమారు 4,000 ఏళ్ల కిందట సాల్మన్ పట్టడానికి వాగులో పాతిన కర్రల కంచె తవ్వకాల్లో దొరికింది. 1694లో కట్టిన బెంతెన్ గుడిలో స్టర్జన్ చేపని కూడా దేవుడిగా పూజించారు. ఆ చేప ఒకప్పుడు ఈ నదిలోకి వచ్చేది.

1892లో వెలిగిన ఎర్ర, తెలుపు చారల లైట్‌హౌస్ కట్టినప్పుడు మొగ పక్కనే ఉండేది. ఇసుక పేరుకుంటూ పోయి ఇప్పుడు మొగ కిలోమీటరుకి పైగా దూరం జరిగింది. జూన్, జూలైలో దాని చుట్టూ హమనసు అనే అడవి గులాబీలు పూస్తాయి. నేల చదును, పెద్దవాళ్లు హాయిగా నడవొచ్చు.

ఎబెత్సులో త్సుఇషికరి అనే చోటు గురించి కూడా చెప్పాలి. 1875లో సఖాలిన్ దీవి రష్యాకి పోయాక, అక్కడి ఐనులని 800 మందికి పైగా తీసుకొచ్చి మరుసటి ఏడు ఇక్కడ పెట్టారు. సముద్రం మీద బతికినవాళ్లని నది గట్టున సాగు చెయ్యమన్నారు. 1886, 87లో కలరా, మశూచి వచ్చి వందల మంది పోయారు. స్మశానంలో గుర్తు రాళ్లున్నాయి. వెళ్తే కాసేపు మౌనంగా నిలబడి రండి, ఫొటోలు వద్దు.

తిండి విషయం

ఇషికరి నబె అంటే మిసో (పులియబెట్టిన సోయా ముద్ద) రసంలో సాల్మన్ ముక్కలు, క్యాబేజీ, ఉల్లి, బంగాళాదుంప వేసి ఉడికించే కూర. పుట్టింది మొగ దగ్గరే. చేప తినేవాళ్లు సెప్టెంబర్, అక్టోబర్‌లో అక్కడే తినాలి. శాకాహారులు ఒకటి గుర్తుపెట్టుకోండి: కూరగాయలే కనిపిస్తున్నా రసం చాలాచోట్ల చేపతో కాచిందే. నాకు తెలిసినవాళ్లు అన్నం, వెన్న రాసిన మొక్కజొన్న, ఉడికిన బంగాళాదుంపలతో, వెంట తెచ్చుకున్న కందిపొడితో నాలుగు రోజులు హాయిగా గడిపారు. అక్కడి అన్నం మెత్తగా, కాస్త జిగురుగా ఉంటుంది. కందిపొడి, నెయ్యితో బాగా కుదురుతుంది.

ఇంకో హెచ్చరిక. గాలం వేసే సరదా ఉన్నవాళ్లు నదిలో సాల్మన్ జోలికి పోకూడదు, అనుమతి లేకుండా పట్టడం చట్టప్రకారం నేరం.

ఎవరికి ఏది

చిన్నపిల్లలతో చలికాలంలో వెళ్తుంటే వేరే ఆలోచన వద్దు, సోఉన్‌క్యో. అసహికావా నుంచి బస్సు ఉంది, సుమారు రెండు గంటలు. మంచు మీద కారు నడిపే పని తప్పుతుంది.

పెద్దవాళ్లతో వేసవిలో వెళ్తే, సప్పోరోలోనే దిగి ఒక పూట మొగకి వెళ్లిరండి. రెండో రోజు ఓపిక ఉంటే రైలెక్కి అసహికావా.

ఒంటరిగానో స్నేహితులతోనో, చరిత్ర మీద ఇష్టంతో వెళ్లేవాళ్లు సెప్టెంబర్ చివరి వారం ఎంచుకోండి. పొద్దున్నే సప్పోరోలో ఎక్స్‌ప్రెస్ ఎక్కి అసహికావాలో దిగి, మొదట చికబుమి మ్యూజియం, మధ్యాహ్నం కముయికొతాన్. రాత్రి అసహికావాలో ఉండి మర్నాడు సోఉన్‌క్యో. ఆ వారంలో లోయ ఎర్రగా ఉంటుంది, కింద చుబెత్సులో సాల్మన్ రావడం మొదలవుతుంది. మ్యూజియం ముందు, కముయికొతాన్ తర్వాత, ఈ వరస తిప్పకండి. పాటలు రాసిన ఆ అమ్మాయి ఊరు చూసి, కొండదేవుడి కథ విని వెళ్తే కముయికొతాన్ రాళ్లు వేరేగా కనిపిస్తాయి.

కారు తీసుకున్నవాళ్లు అసహికావా నుంచి సప్పోరోకి తిరిగొచ్చేటప్పుడు ఎక్స్‌ప్రెస్‌వే వదిలి, నది కుడిగట్టున ఉరౌసు, త్సుకిగతా మీదుగా రండి. గంట ఎక్కువ పడుతుంది. సాయంత్రం ఐదు దాటితే అక్టోబర్‌లో చీకటి పడిపోతుంది, అందుకే మధ్యాహ్నం ఒంటిగంటకల్లా బయలుదేరండి.